పాత మేడ... కొత్త ప్రాణం!

ఆఫీసు భవనం పాతబడితే ఏం చేస్తారు? పడగొట్టి కొత్తది కడతారు. లేదంటే పెద్ద పెద్ద యంత్రాలు కొనితెచ్చి బిగిస్తారు. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం యజమానులు ఆ రెండూ చేయలేదు. ముందు కిటికీలు బాగుచేశారు. ఆ తర్వాతే యంత్రాల జోలికి వెళ్లారు. ఆ వరసే కోట్ల డాలర్లు మిగిల్చింది.

ఆరువేల అయిదొందల పద్నాలుగు కిటికీలు. వాటి అద్దాలన్నీ ఊడదీయాలి. శుభ్రం చేయాలి. వేడిని ఆపేలా తయారుచేసి మళ్లీ ఎక్కడివక్కడ బిగించాలి. మొత్తం 26 వేల అద్దపు పలకలు! భవనంలో మాత్రం వందలాది ఆఫీసులు నడుస్తూనే ఉండాలి. పొద్దున్నే ఉద్యోగులు వచ్చేసరికి వాళ్ల కిటికీ వాళ్లకుండాలి.

అన్ని అద్దాలనూ లారీల్లో ఎక్కించి ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీకి పంపి, తిరిగి తెప్పించడం అయ్యే పనేనా? అందుకే ఆ ఫ్యాక్టరీనే భవనంలోకి తెచ్చేశారు. అయిదో అంతస్తులో ఓ వర్క్‌షాపు తెరిచారు. ఆఫీసులు మూసేశాక అద్దాలు దించడం, బాగుచేయడం, మళ్లీ పైకి తీసుకెళ్లి బిగించడం... 2010లో నెలల తరబడి సాగిన పని ఇది. పాత అద్దాల్లో, ఫ్రేముల్లో 96 శాతం మళ్లీ వాడుకోగలిగారంటే ఎంత జాగ్రత్తగా చేశారో అర్థంచేసుకోవచ్చు.

ఇంతకీ అంత పెద్ద భవనానికి కిటికీలతో వచ్చిన కష్టమేంటి?

ఖాళీ మేడ

ఎంపైర్ స్టేట్ భవనం పుట్టుకే ఓ వింత. 102 అంతస్తుల ఈ ఆకాశహర్మ్యాన్ని కేవలం 410 రోజుల్లో కట్టేశారు. 1931 మే 1న అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ వాషింగ్టన్‌లో కూర్చుని మీట నొక్కితే ఇక్కడ దీపాలు వెలిగాయి. అప్పటికది ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనం. దాదాపు నలభై ఏళ్లు ఆ కిరీటం దాని నెత్తినే ఉంది.

పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు అద్దెకొచ్చేవాళ్లే కరవయ్యారు. అమెరికా ఆర్థిక మాంద్యంతో అల్లాడుతున్న రోజులవి. కంపెనీలే మూతపడుతుంటే కొత్త ఆఫీసులు ఎవరు తీసుకుంటారు? న్యూయార్క్ జనం ‘ఎంపైర్ స్టేట్’ను కాస్త మార్చి ‘ఎంప్టీ స్టేట్’ అని నవ్వుకునేవారట. అంటే, ఖాళీ మేడ అని! పైకెక్కి నగరాన్ని చూసేందుకు జనం కొన్న టికెట్ల డబ్బే ఆ కష్టకాలంలో ఆదుకుంది. భవనం లాభాల్లోకి రావడానికి 1950ల దాకా ఆగాల్సి వచ్చింది.

డెబ్భై అయిదేళ్లు గడిచేసరికి మళ్లీ అలాంటి భయమే మొదలైంది. 2006లో భవనం నిర్వహణ ఆంథోనీ మాల్కిన్ కుటుంబ సంస్థ చేతికొచ్చింది. చూడబోతే వందల్లో చిన్న చిన్న ఆఫీసులు. వయసైపోయిన యంత్రాలు. శీతకాలంలో కిటికీల్లోంచి బయటికి పోయే వేడి, వేసవిలో అవే కిటికీల్లోంచి లోపలికొచ్చే ఎండ. కరెంటు, ఆవిరి, మిగతా ఇంధనాలకు కలిపి ఏడాదికి కోటీ 14 లక్షల డాలర్ల బిల్లు. నగరంలో తళతళలాడే కొత్త భవనాలు లేస్తున్నాయి. పేరున్న కంపెనీలు వాటివైపే చూస్తున్నాయి. పేరు చూసి పర్యాటకులు వస్తారుగానీ అద్దె కట్టే కంపెనీలు రావు కదా!

28 లక్షల చదరపు అడుగుల భవనం. పడగొట్టలేరు. అది న్యూయార్క్ నగరానికి చిరునామాలాంటిది. అలాగని ఉన్నదున్నట్టు వదిలేస్తే మరో పదేళ్లలో నిజంగానే ఖాళీ మేడ అవుతుంది. అందుకే మొత్తంగా 55 కోట్ల డాలర్లతో భవనాన్ని ఆధునికీకరించే పని తలకెత్తుకున్నారు. అందులో ఇంధన పొదుపు ఓ ప్రధాన భాగం. 2009 ఏప్రిల్‌లో ఆ ప్రణాళికను ప్రకటించిన రోజున అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్, న్యూయార్క్ మేయర్ మైకేల్ బ్లూంబెర్గ్ కూడా అక్కడున్నారు. క్లింటన్ వాతావరణ కార్యక్రమం, జాన్సన్ కంట్రోల్స్, జోన్స్ లాంగ్ లాసాల్, రాకీ మౌంటెన్ ఇన్‌స్టిట్యూట్... ఈ నాలుగూ కలిసి రూపొందించిన ప్రణాళిక అది.

చిల్లుకుండ లెక్క

కుండకు చిల్లు పడింది. నీళ్లు నిలవడంలేదు. అప్పుడు రెండు పనులు చేయొచ్చు. ఇంకో రెండు బిందెలు ఎక్కువ తెచ్చి పోయొచ్చు. లేదా చిల్లు పూడ్చొచ్చు. కుండ విషయంలో ఎవరికైనా తట్టే ఈ సంగతి భవనం దగ్గరికొచ్చేసరికి చాలామందికి తట్టదు. గది చల్లబడటంలేదా? ఇంకా పెద్ద ఏసీ తెచ్చి పెట్టు... అంతే!

ఎంపైర్ స్టేట్ భవనంలోనూ మొదట అనుకున్నది అదే. భవనమంతటినీ చల్లబరిచే చిల్లర్లు పాతబడిపోయాయి. వాటి స్థానంలో కొత్తవి పెట్టడానికి 2 కోట్ల 24 లక్షల డాలర్లు పక్కన పెట్టుకున్నారు. అప్పుడే నిపుణులు ఓ ప్రశ్న వేశారు. ‘అసలు ఈ భవనానికి ఇంత చల్లదనం ఎందుకు కావాల్సి వస్తోంది?’

దానికి జవాబు వెతుకుతూ వెళితే కిటికీల దగ్గర తేలారు. వాటికి అప్పటికే రెండు పొరల అద్దాలున్నాయి. అయినా వేడి దాటిపోతూనే ఉంది. కొత్త కిటికీలు కొనకుండా ఉన్నవాటికే చికిత్స చేశారు. రెండు అద్దాలనూ విడదీసి కడిగారు. వాటి నడుమ వేడిని వెనక్కి తిప్పికొట్టే పలచని ఫిల్మును బిగించారు. ఖాళీలో ఆర్గాన్, క్రిప్టాన్ వాయువులు నింపి అంచులు మూసేశారు. ఈ వాయువుల్లోంచి వేడి అంత తొందరగా ప్రయాణించలేదు. పైగా కంటికి కనిపించవు కాబట్టి వెలుతురుకు అడ్డురావు. రెండు పొరల కిటికీ అలా మూడు పొరల కిటికీ అయిపోయింది.

కిటికీల పక్కనే ఇంకో చిల్లు కూడా కనిపించింది. చలిదేశాల్లో చాలాచోట్ల కిటికీ కింద రేడియేటర్ ఉంటుంది. లోపల వేడి ఆవిరి తిరిగే ఇనుప పరికరం అది. న్యూయార్క్ నడిబొడ్డున ఆ ఆవిరిని నీళ్లలాగే వీధుల కింద గొట్టాలేసి సరఫరా చేస్తారు. దానికీ బిల్లు కట్టాలి. ఆ రేడియేటర్ వేడిలో కొంత గదిలోకి వస్తే, కొంత వెనకున్న గోడలోంచి వీధిలోకి పోతోంది. డబ్బు పెట్టి కొన్న వేడితో వీధిని కాచుతున్నారన్నమాట! ఆరువేల అయిదొందలకు పైగా రేడియేటర్ల వెనక వేడిని గదివైపు తిప్పే మెరిసే పలకలు పెట్టారు. చూడటానికి చిన్న పనే. కానీ ఆరువేల చోట్ల చేస్తే చిన్నది కాదు.

విడిగా చూస్తే దండగే!

ఇక్కడే అసలు మెలిక ఉంది. ప్రణాళిక లెక్కల ప్రకారం కిటికీల పనికి 45 లక్షల డాలర్ల ఖర్చు. దానివల్ల ఏడాదికి మిగిలేది 4 లక్షల 10 వేలు. అంటే పెట్టింది తిరిగి రావడానికి పది పదకొండేళ్లు. ఏ వ్యాపారి అయినా ‘వద్దులెండి’ అంటాడు. రేడియేటర్ల పలకల లెక్క ఇంకా అధ్వానం. 27 లక్షలు పెడితే ఏడాదికి మిగిలేది లక్షా 90 వేలు. విడివిడిగా చూసుకుంటూ పోతే రెండిటినీ కొట్టేయాల్సిందే.

కానీ ఆ నిపుణులు వాటిని విడిగా చూడలేదు. కిటికీల్లోంచి వచ్చే ఎండ తగ్గింది. దీపాలు తగ్గించి పగటి వెలుతురు వాడుకోవడంతో వాటి వేడీ తగ్గింది. ఫలితంగా భవనాన్ని చల్లబరచాల్సిన భారం మూడోవంతు దాకా తగ్గుతుందని తేలింది. భారమే తగ్గినప్పుడు కొత్త చిల్లర్లు ఎందుకు? ఉన్న నాలుగు చిల్లర్ల పైడొల్లలు అలాగే ఉంచి లోపలి గొట్టాలు, మోటార్లు, వాల్వులు మారిస్తే సరిపోతుంది! 2 కోట్ల 24 లక్షలు అవుతుందనుకున్న పని 51 లక్షలకు దిగింది. మిగిలింది కోటీ 73 లక్షల డాలర్లు. కిటికీలకూ, రేడియేటర్లకూ పెట్టిన ఖర్చంతా అందులోనే వచ్చేసింది. ఇంకా మిగిలింది కూడా.

ఈ వరస తిరగబడి ఉంటే? ముందు చిల్లర్లు కొనేసి, తర్వాత తీరిగ్గా కిటికీలు బాగుచేసుకుని ఉంటే? అవసరానికి మించిన యంత్రాలు నేలమాళిగలో కూర్చునేవి. వాటికి పోసిన డబ్బు వెనక్కి రాదు. చేసే పనులు అవే అయినా ఏది ముందు, ఏది వెనక అన్నదాంట్లోనే లాభమూ నష్టమూ ఉన్నాయి.

మొత్తం 60కి పైగా ఆలోచనలను పరిశీలించి చివరికి ఎనిమిదింటిని ఎంచుకున్నారు. కిటికీలు, రేడియేటర్లు, చిల్లర్లు కాక... గాలిని అవసరమున్నంతే పంపే యంత్రాలు, వాటన్నిటినీ కనిపెట్టి ఉండే కంప్యూటర్ వ్యవస్థ, గదిలో ఎంతమంది ఉన్నారో దాన్నిబట్టి బయటి గాలిని వదిలే ఏర్పాటు లాంటివి. అన్నీ కలిపి మామూలు మరమ్మతులకు అనుకున్న ఖర్చుకన్నా అదనంగా కోటీ 32 లక్షల డాలర్లు. ఇంధనంలో ఆదా 38 శాతం. డబ్బుల్లో చెప్పాలంటే ఏడాదికి 44 లక్షల డాలర్లు. అంటే అదనంగా పెట్టింది మూడేళ్లలో తిరిగొచ్చేస్తుంది. ఇంతకన్నా ఎక్కువ పొదుపు కూడా సాధ్యమే. కానీ 38 దాటాక మిగిల్చే ప్రతి శాతానికీ ఖర్చు విపరీతంగా పెరుగుతోందని తేలడంతో అక్కడ ఆగారు.

అద్దెదారు చేతిలో స్విచ్చి

యజమాని ఎన్ని చేసినా ఆఫీసు గదిలో స్విచ్చి ఉండేది అద్దెకున్నవాళ్ల చేతిలో. ఎంపైర్ స్టేట్ పొదుపులో సగానికి పైగా వాళ్ల వాటాల్లోంచే రావాలి. వాళ్లకు దీపాలార్పే శ్రద్ధ లేకపోతే మేడ మొత్తం బాగుచేసినా సగం ఫలితమే.

మామూలుగా ఆఫీసు సముదాయాల్లో గొడవంతా ఇక్కడే. కరెంటు బిల్లును అడుగుల లెక్కన పంచితే పొదుపు చేసినవాడికీ, చేయనివాడికీ ఒకటే వడ్డన. అలాంటప్పుడు ఎవరికి మాత్రం ఏం పట్టింది? అందుకే ఇక్కడ ఎవరి మీటరు వారికి పెట్టి, ఎవరు ఎంత వాడుతున్నారో కంప్యూటర్ తెరమీద కనిపించేలా ప్రణాళిక వేశారు. తన ఖర్చు తన కళ్లకు కనబడితే చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి వెళుతుంది.

ముందే దారి చూపిన అద్దెదారూ ఉన్నారు. నిర్మాణరంగంలోని స్కాన్‌స్కా సంస్థ 2008లోనే ఈ భవనం 32వ అంతస్తులో తన ఆఫీసును కరెంటు బాగా ఆదా అయ్యేలా తీర్చిదిద్దుకుంది. డెబ్భై ఏళ్లు దాటిన మేడలోనూ కొత్త ఆఫీసు సాధ్యమేనని మిగతావాళ్లకు అలా తెలిసొచ్చింది. తర్వాత లింక్డ్‌ఇన్ లాంటి కంపెనీలు వచ్చాయి. చిన్న గదుల స్థానంలో అంతస్తులకు అంతస్తులే తీసుకునేవాళ్లు పెరిగారు.

దాచేసిన నక్షత్రాలు

కొత్తదనం పేరుతో పాతను చెరిపేయడం కూడా అక్కడ ఒకప్పుడు జరిగింది. కింది లాబీ పైకప్పు మీద 1931లో నక్షత్రాలూ, గ్రహాలూ యంత్ర చక్రాల్లా కనిపించే బొమ్మలు వేశారు. బంగారు రేకు, అల్యూమినియం రేకు అద్దిన పని అది. 1960ల్లో ఆధునికంగా ఉండాలంటూ దాని కింద దీపాల పలకలతో ఇంకో కప్పు వేసి మూసేశారు. నలభై ఏళ్లపాటు ఆ కింద నడిచినవాళ్లకు పైన ఆకాశం ఉందనే తెలియదు!

తాజా మరమ్మతుల్లో ఆ కప్పు తీసేశారు. పాత బొమ్మలు పాడైపోవడంతో అచ్చం అలాంటివే మళ్లీ చేయించారు. 2009లో పూర్తయిన ఆ పనికి పట్టిన కాలం భవనం మొత్తం కట్టడానికి పట్టినదానికన్నా ఎక్కువ. మరోవైపు 68 లిఫ్టుల యంత్రాలను మార్చే పని 2011లో మొదలైంది. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని ఇవి తిరిగి కరెంటుగా మార్చి భవనానికే ఇస్తాయి. 2012లో శిఖరం మీది పాత ఫ్లడ్‌లైట్ల స్థానంలో ఎల్ఈడీలు వచ్చాయి. కనబడేదాన్ని పాతగా, కనబడనిదాన్ని కొత్తగా ఉంచడం... పాత భవనాన్ని బాగుచేయడంలో ఉన్న కిటుకంతా ఇదే కాబోలు.

చెప్పినంత జరిగిందా?

కాగితం మీద లెక్కలు ఎవరైనా వేస్తారు. ఇక్కడ జాన్సన్ కంట్రోల్స్ సంస్థ ఇంత ఆదా అవుతుందని హామీ కూడా ఇచ్చింది. తగ్గితే ఆ తేడా తనదే. మొదటి ఏడాది హామీ ఇచ్చినదానికన్నా 5 శాతం ఎక్కువే ఆదా అయ్యింది. మూడో ఏడాదికి అది దాదాపు 16 శాతానికి చేరింది. ప్రణాళికలోని పనులన్నీ ఇంకా పూర్తికాకుండానే మూడేళ్లలో మిగిలిన మొత్తం దాదాపు 75 లక్షల డాలర్లు. 2011లో ఈ భవనానికి పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ గోల్డ్ గుర్తింపు వచ్చింది. అప్పటికి దాని వయసు 80 ఏళ్లు!

దీన్ని ఒక్క భవనం గొప్పగా తీసేయడానికి వీల్లేదు. న్యూయార్క్ గాల్లో కలిసే గ్రీన్‌హౌస్ వాయువుల్లో మూడింట రెండొంతులు భవనాల పుణ్యమే. అందుకే 2019లో ఆ నగరం ఓ చట్టం చేసింది. 25 వేల చదరపు అడుగులు దాటిన చాలా భవనాలు 2024 నుంచీ నిర్ణీత హద్దు లోపలే ఉండాలి. దాటితే జరిమానా. 2030 నుంచి ఆ హద్దు ఇంకా బిగుసుకుంటుంది. నిన్నటిదాకా ‘పొదుపు చేస్తే మంచిది’ అన్నది ఇప్పుడు ‘చేయకపోతే కుదరదు’ అయ్యింది.

మన సంగతి?

అమెరికా భవనం గొడవ మనకెందుకు అనుకోనక్కర్లేదు. ముంబయి ఫోర్ట్ ప్రాంతంలో 1972లో కట్టిన గోద్రెజ్ భవన్‌ను 2010లో ఇదే పద్ధతిలో బాగుచేశారు. దాని లెక్కలన్నీ తీసి అధ్యయనం చేసినవారిలో హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కూడా ఉంది. పెట్టిన డబ్బు అయిదేళ్ల లోపే తిరిగొస్తుందని ఆ అధ్యయనం తేల్చింది.

పడగొట్టి కట్టడమూ మనకు తెలిసిందే. హైదరాబాద్‌లో పాత సచివాలయ భవనాలను 2020లో కూల్చి అదే ప్రాంగణంలో కట్టిన కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. కొన్ని భవనాలను నిలబెట్టడం సాధ్యం కాకపోవచ్చు. స్తంభాలు బలహీనపడితేనో, అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారే లేకపోతేనో కూల్చక తప్పదు. కానీ ‘పాతది, ఉక్కపోస్తోంది, కరెంటు బిల్లు ఎక్కువ’ అన్నవి మాత్రం కూల్చడానికి కారణాలు కావు. ఓ భవనంలోని ఇటుక, సిమెంటు, ఇనుము తయారవడానికి ఎంతో ఇంధనం ఖర్చయిపోయి ఉంటుంది. కూలిస్తే అదంతా మట్టిపాలు. కొత్తదానికి మళ్లీ మొదటినుంచీ ఖర్చు.

అయితే ఎంపైర్ స్టేట్ మందు ఉన్నదున్నట్టు మనకు పనిచేయదు. వాళ్ల బాధ సగం చలితో. మన బాధంతా ఎండతోనే. మనకు రేడియేటర్లు లేవు. వాటి బదులు నడినెత్తిన కాగే డాబా ఉంది, మధ్యాహ్నమంతా ఎండ తినే పడమటి గోడ ఉంది. కాబట్టి మన చిల్లులు అక్కడ వెతకాలి. అద్దం లోపల పరదా కడితే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసినట్టు. ఎండను అద్దానికి అవతలే ఆపాలి. మన పెద్దవాళ్లు వేసవిలో వట్టివేళ్ల తడికలు గుమ్మానికి బయట కట్టి నీళ్లు చల్లింది అందుకే. డాబా మీద తెల్లటి పూత వేస్తే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కూడా ఈ లెక్కతోనే.

ఎండను ఆపాక కిటికీ సందులు మూయాలి. ఆ తర్వాత పాత దీపాలు మార్చాలి. ఏసీ సంగతి చిట్టచివర. అప్పుడు రెండు టన్నులు కావాలనుకున్నచోట ఒకటిన్నర టన్నుల ఏసీ సరిపోవచ్చు. పెట్టాక కూడా 24 డిగ్రీల దగ్గర ఉంచితే మేలు. 2020 నుంచి మనదేశంలో స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలు మొదట ఆన్ చేసినప్పుడు 24తోనే మొదలవుతున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు 6 శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది.

ఆఫీసైనా, ఇల్లైనా ఈ వరస మారదు. ఈ వేసవిలో ఏసీ షాపుకి వెళ్లే ముందు సాయంత్రం నాలుగింటికి ఇంట్లో పడమటి కిటికీ దగ్గర నిలబడి అద్దం మీద ఓసారి చెయ్యి పెట్టి చూడండి. ఎన్ని టన్నుల ఏసీ కావాలో షాపువాళ్లకన్నా ముందు ఆ కిటికీయే చెప్పేస్తుంది.